చెరువుగట్టు మీద కేక

కొల్లేటి పక్షులకి తెలివెక్కువండీ. టపాకాయ పేలిస్తే మొదటి రోజు బెదిరి లేస్తాయి, మూడో రోజు నుంచి తలైనా తిప్పవు. రోజూ ఒకే మోతాదులో వినబడే చప్పుడుని అవి లెక్కచెయ్యవు. అందుకే మండవల్లి దగ్గర చేపల చెరువున్న వెంకట్రాజు, ఏలూరులో మైకుసెట్లు బాగుచేసే ఎలీయాజరుని పిలిపించాడు. అది రెండువేల ఏడో సంవత్సరం.

ఎలీయాజరు పనిమంతుడు. పక్షుల్ని బెదరగొట్టే మైకుకి తిప్పే వాల్యూమ్ మీట పెడితే గట్టు మీది చెమ్మకి ఆర్నెల్లకే తుప్పు పడుతుందని, దాని బదులు డిజిటల్ పొటెన్షియోమీటర్ అనే చిన్న చిప్ పెట్టాడు. మైక్రోకంట్రోలర్ అనే ఇంకో చిప్ రెండు తీగల మీద దానికి ఒక అంకె పంపుతుంది. సున్నా అయితే నిశ్శబ్దం, రెండువందల యాభై అయిదైతే చెరువంతా హోరు. అంకె ఇష్టమొచ్చినట్టు మారుతూ ఉంటే పక్షులకి అలవాటు పడే వీలుండదు.

వినిపించాల్సిన చప్పుడు మాత్రం రాజే తెచ్చాడు, తన సెల్‌ఫోన్లో. ఒక ఆడమనిషి కేక. "ఏదో సినిమాలోదిలే, పెట్టవయ్యా," అన్నాడు. ఎలీయాజరు పెట్టేశాడు.

వారం తర్వాత పని ఎలా ఉందో చూద్దామని పొద్దుగూకే వేళకి వచ్చాడు ఎలీయాజరు. ఒక్క పక్షి కూడా దిగలేదు. నీళ్ళ మీద నాచు కంపు, చేపల మేత కంపు. ఎదురుగట్టు మీద ఇరవయ్యేళ్ళ పిల్ల ఒకతి నిలబడి ఉంది. కేక పెరిగితే కదలకుండా వింటోంది. తగ్గితే నీళ్ళ వైపు ఒక అడుగు వేస్తోంది.

"ఎవరండీ ఆ అమ్మాయి?"

"యేసమ్మ కూతురు, ఇందు. వాళ్ళమ్మ పిలుస్తోందనుకుని రోజూ వస్తోంది. పిచ్చిది," అని నవ్వాడు రాజు.

యేసమ్మ సంగతి ఎలీయాజరూ విన్నాడు. ఈ చెరువులోనే, ఈస్టరు ముందు, దొంగచాటుగా చేపలు పట్టబోయి ఊబిలో దిగబడి చనిపోయింది. అప్పుడు గట్టు మీద ఎవరూ లేరని ఊరందరికీ చెప్పింది ఈ రాజే. ఎవరూ లేకపోతే ఆమె కేక ఇతని ఫోన్లోకి ఎలా వచ్చింది? తాడు విసరాల్సిన చేత్తో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడన్నమాట, పాపిష్టివాడు.

అవతల ఇందు మోకాలి లోతుకి దిగింది.

ముందు పిల్ల ఆగాలి. కేక పెద్దదైతే ఆగుతుంది. గట్టు మీది పెట్టె తెరిచి, మీటలు నొక్కి గబగబా రెండువందల యాభై అయిదు పంపాడు. దాని చిన్న తెరమీద అంకె పడింది. కేక మాత్రం... తగ్గింది.

మళ్ళీ పంపాడు. చిప్‌లో ఏ అంకె ఉందో వెనక్కి చదివి చూశాడు. రెండువందల యాభై అయిదే. కేక ఇంకా తగ్గింది. ఇందు నడుము దాకా దిగింది.

అంకె పంపే ఆ రెండు తీగలూ పీకేశాడు. తీగలు లేకపోతే చిప్ ఉన్నచోటే ఆగిపోవాలి, అది దాని ధర్మం. ఆగలేదు. తగ్గి... తగ్గి... గుసగుసైపోయింది.

"వస్తన్నానమ్మా," అంది ఇందు, నీళ్ళ మీదుగా.

"ఆగు తల్లీ!" అంటూ గట్టు చుట్టూ పరుగెత్తాడు ఎలీయాజరు. చేరేసరికి నీళ్ళు కదలడం లేదు. దూకాడు. అక్కడ గుండెల లోతే. చేతులతో, కాళ్ళతో వెతికాడు. బురద... నాచు... మనిషి లేదు.

గట్టెక్కితే, ఎదురుగా రాజు. వెనకే నడిచి వచ్చాడు కాబోలు, చేతిలో ఫోన్ ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"ఒక్క అరుపైనా అరవలేదయ్యా. పాత కేక పక్షులకి అలవాటైపోతే కొత్తది ఉంటుందనుకున్నా," అన్నాడు, నిజంగానే నిరాశపడుతూ. "ఏమైనా పడిందేమో చూద్దాం ఉండు."

నొక్కాడు. కాసేపు గాలి చప్పుడు. తర్వాత చెవి దగ్గర చెప్పినట్టు, ఒక ఆడమనిషి నెమ్మదైన గొంతు.

"రా అమ్మా... లోతు లేదు."

"అమ్మా, గట్టు మీద ఇద్దరున్నారే," అంది ఇందు గొంతు.

"చూశానులే. ముందు ఎవరిని పిలవమంటావు?"