ఒకే షెడ్డు, ఒకే దుమ్ము

"మీ అవ్వ రక్తం ఇచ్చింది. మీరెందుకు ఇయ్యరు?" అలేఖ్య నిలదీసింది.

"నాకేమన్న బీమారా?" మరమగ్గం ఆపకుండానే అన్నాడు భానుప్రసాద్.

"బీమార్ లేదనే అడుగుతున్న."

నూలు దుమ్ముకు కొందరికే అలర్జీ ఎందుకొస్తుందన్నది అలేఖ్య పరిశోధన. బోథ్ నుంచి సిరిసిల్లకు వచ్చింది అందుకే. ఈ మరమగ్గాల షెడ్డులో భాను నేస్తాడు, తల్లి యాదవ్వ కండెలకు నూలు చుడుతుంది. తల్లికి ఆయాసం, పిల్లికూతలు. కొడుకుకు తుమ్మయినా రాదు.

"ఇంతకుముందు ఇద్దరొచ్చిండ్రు మేడం. రక్తం పట్టుకపోయిండ్రు, మళ్ల మొఖం చూపియ్యలే."

"నేనొస్త."

"అందరు గట్లనే అంటరు."

అలేఖ్య మొండిది. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడు వానలో తడిసి వచ్చింది. నాలుగో రోజు ఆ దుమ్ముకు తానే వరసగా ఎనిమిది తుమ్ములు తుమ్మింది. భాను నవ్వాపుకోలేక మగ్గం ఆపేశాడు.

"ముందు మీ రక్తం చూసుకోన్రి!"

"చూసుకున్న. నాది మీ అవ్వ పార్టీనే."

అతను చొక్కా చేయి మడిచాడు. సూది దిగుతుంటే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆ రెప్పల మీద నూలు పోగులు చూస్తూ అలేఖ్య ఒక క్షణం సూది సంగతే మరిచింది.

ఐదు నెలల పాటు భాను ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆమె ఫలితాలతో వాళ్లింటికి వచ్చింది.

"యాదవ్వా, మన ఒంట్ల కాపలా కాసే కణాలుంటయి. నీ జన్యువులల్ల చిన్న తేడా ఉంది. దాంతోటి ఆ కణాలు దుమ్మును దుష్మన్ అనుకొని రెచ్చిపోతున్నయేమో. భానుకు ఆ తేడా రాలే."

"ఏమో అంటున్నవ్. ఖాయం కాదా?" భాను అడిగాడు.

"కాదు. ఇంకా చానా మందిని చూడాలె. కొత్త మందు గూడ నా తాన లేదు. కాని అవ్వకు ఉన్నది నిజమైన బీమారే."

భాను తల దించుకున్నాడు. 'నాకు రానిది నీకెందుకొస్తది? పని ఎగ్గొడుతున్నవ్' అని తల్లిని ఎన్నిసార్లు కసిరాడో!

"తప్పయిందే అవ్వా. రేపటి సంది షెడ్డుకు రాకు. కండెలు నేనే చూసుకుంట."

యాదవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది.

అలేఖ్య బయల్దేరితే భాను గడప దాకా వచ్చాడు.

"పని అయిపోయింది గదా. ఇంక రావా?"

"రక్తం పని అయిపోయింది. మరి నువ్వు చేసిన ఫోన్లు? రిజల్ట్ అడిగినవి మూడే. మిగిలినవి ఎందుకు చేసినవ్?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "నీ గొంతు వినాలని."

అలేఖ్య చెప్పులేసుకుంటూ నవ్వింది.

"ఆదివారం మా బాపును తోల్కొస్త. ఆయన ముందట గూడ గిట్లనే చెప్పాలె."

"చెప్త."

లోపలి నుంచి యాదవ్వ కేకేసింది. "జర గట్టిగ చెప్పు కొడుకా! నాకు గా పిల్లనే కోడలు కావాలె!"