గాటు తీసేసిన ఫోటో

ఆ కుర్రాడు స్టూడియోకి రావడం రావడమే పోట్లాటకి వచ్చాడు. రెండు ఫోటోలు బల్ల మీద పడేశాడు.

"ఈయనెవరండీ?"

"మీరే," అంది కంప్యూటర్ ముందున్న అమ్మాయి.

"నా గడ్డం మీద గాటేది?"

"తీసేశాను. నాన్న అందరికీ తీసేయమంటారు."

"అడక్కుండా తీయడానికి అదేమన్నా మీ నాన్న పెట్టిన గాటా? డ్రైవర్ ఉద్యోగం కాగితాలు తిప్పి పంపారు. మీ అన్నయ్య ఫోటో తెచ్చావేంటన్నారు. నాకు అన్నయ్యే లేడు. ఇవాళ సాయంత్రం నాలుగింటితో గడువు ఆఖరు."

ఆమెకు నవ్వొచ్చింది, దాచుకోలేదు. అతనికి ఒళ్ళు మండింది. అయినా ఆ నవ్వు వైపే చూస్తూ నిలబడ్డాడు.

మచ్చలున్న మొహం చెల్లదని ఆమె తండ్రి నమ్మకం. మొహాలేమన్నా వంకాయలా, ఏరి పక్కన పెట్టడానికి?

ఆమె అసలు ఫోటో తీసి ప్రింటు కొట్టింది. తండ్రి లోపలి గదిలోంచి వచ్చి చూశాడు.

"గాటుతోనే ఇచ్చేస్తావేంటమ్మా. మన షాపు పేరేం కావాలి?"

"ఆయన ఉద్యోగమేం కావాలి నాన్నా?"

తండ్రికి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండి వారమైంది.

అతనికి బస్సు డ్రైవరుగా ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత వారానికో ఫోటో అవసరం పడింది.

"ఇంకా ఎన్ని దరఖాస్తులు?" అందామె.

"ఒక్కటే. పెట్టాలంటే భయమేస్తోంది."

ఆ నెలలోనే మేనత్త సంబంధం తెచ్చింది. పంపాల్సిన ఫోటో తండ్రే దిద్దాడు. కూతురి చెంప మీద కాలిన మచ్చ మాయమైంది, ముక్కు సన్నబడింది.

ఆమె చాలాసేపు చూసింది. "ఈ పిల్లెవరో బావుంది. దీన్నే పంపించండి కాపురానికి."

"వాళ్ళకి నచ్చాలి కదే," అంది మేనత్త.

"నచ్చాక రోజూ ఎవరు దిద్దుతారు? నాన్న వచ్చి అక్కడ కూర్చుంటారా?"

తండ్రి తల దించుకున్నాడు. ఆ ఫోటో పక్కకి నెట్టి, "నీకెవరన్నా నచ్చారా?" అన్నాడు.

"నచ్చారు. బస్సు నడుపుతారు. ఆయనకింకా తెలీదు."

"మరెలా?"

"వెళ్ళి చెప్తాను. మీరు షాపు చూసుకోండి."

మేనత్త అడ్డు చెప్పడానికి లేవబోయింది. తండ్రి ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

బస్టాండులో అతని బస్సు కదలబోతోంది.

"దిగండి, ఒక మాట."

"టైమైందండీ."

"అయితే నేనే ఎక్కుతాను."

ఎక్కి చెప్పింది. గొంతు తగ్గించలేదు, వెనక సీటు దాకా వినపడింది. అతను ఇంజన్ ఆపేశాడు. బస్సు పది నిమిషాలు ఆలస్యమైంది. ఒక్కరూ గొణగలేదు.