ఆదివారం ఏడింటికి అప్‌డేట్

రెండో చరణం మధ్యలో చర్చి తెరంతా నీలమైపోయింది. అప్‌డేట్ అవుతోంది, ఆపొద్దు అని ఇంగ్లీషులో ఒక ముక్క, దాని మీద గుండ్రంగా తిరిగే చుక్కలు.

పెద్దలు పాట ఆపలేదు. పిల్లలే నోళ్లు మూసేశారు. హిందీ రాష్ట్రంలో, రైల్వే వ్యాగన్ వర్క్‌షాప్ వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పుట్టి హిందీ బడికెళ్లేవాళ్లకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందుకే సుప్రియ తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో టైప్ చేసి లాప్‌టాప్ నుంచి తెర మీద వేస్తుంది.

సంఘపెద్ద జ్ఞానప్రకాశం ఆమెకు నాన్నే. అయినా మొహమాటపడలేదు. "ఇంకోసారి ఆగిందంటే పాటల పుస్తకాలే. మెషీన్ బంద్."

సుప్రియ తిన్నగా స్టీఫెన్ దగ్గరికి వెళ్లింది. ఊళ్లోనే తెలీబంధా వైపు ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూస్తాడు, చర్చిలో గిటార్ వాయిస్తాడు. లాప్‌టాప్ సెట్ చేసిందీ అతనే.

"పని వేళల్లో రీస్టార్ట్ అవదన్నారుగా?"

"అవదండీ. తొమ్మిది నుంచి ఆరు దాకా పెట్టాను."

"ఆరాధన పొద్దున ఏడింటికి."

స్టీఫెన్ నాలుక కరుచుకున్నాడు. "ఆఫీసు అలవాటు..."

"దేవుడికి కూడా మీ ఆఫీసు టైమింగేనా?"

అతనికి నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. కోపంలో ఆమె ముక్కు ఎర్రబడింది. అది అతనికి తెగ నచ్చింది.

శనివారం సాయంత్రం సుప్రియ వాళ్లింటికొచ్చి వేళలు మార్చాడు, నోటిఫికేషన్లన్నీ ఆపేశాడు, దగ్గరుండి అప్‌డేట్ చేశాడు.

"ప్రతి శనివారం చూసుకోవాలండీ. ఆటోమేటిక్‌ని నమ్మలేం."

ఆమె బుద్ధిగా తలూపింది.

వానలో కూడా తడుస్తూ వచ్చేవాడు. సుప్రియ తువ్వాలు, అల్లం చాయ్ ఇచ్చేది. అప్‌డేట్ నత్తనడక నడుస్తుంటే ఇద్దరూ కూర్చుని కొత్త పాటలు టైప్ చేసేవారు. ఆదివారాలు పిల్లల గొంతులు మళ్లీ ఆగలేదు.

ఒక శనివారం జ్ఞానప్రకాశం కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"మా వర్క్‌షాప్‌లో పాత వ్యాగన్‌కి కూడా ఇన్నిసార్లు రిపేర్ చెయ్యలేదు బాబూ. దీనికేం రోగం?"

స్టీఫెన్ నోరు తెరిచేలోపు సుప్రియే అందుకుంది.

"ఏం లేదు నాన్నా. పాజ్ నొక్కితే నెల దాకా దాని జోలికి వెళ్లక్కర్లేదు."

"మీకూ తెలుసా?" అన్నాడు స్టీఫెన్.

"మొదటి శనివారమే సెట్టింగ్స్‌లో చదివాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీరు రారుగా."

స్టీఫెన్ ఇంక దాచుకోలేకపోయాడు.

"అంకుల్, నాకు సుప్రియంటే ఇష్టం. మీరు సరేనంటే అమ్మానాన్నల్ని తీసుకొస్తాను."

జ్ఞానప్రకాశం కూతురి వైపు చూశారు. ఆమె తల దించుకుని, నిండిన కప్పులోనే ఇంకా చాయ్ పోస్తోంది. ఆయనకు జవాబు దొరికింది.

"రేపే తీసుకురా. కానీ తొమ్మిది తర్వాత. ఆరాధన ఏడింటికి, గుర్తుందిగా?"

ఆ రోజు రాని నవ్వు సుప్రియకు ఇప్పుడొచ్చింది.