నెమ్మదిక

బస్సు కుదుపుకు ఎవరో పైడితల్లి కాలు గట్టిగా తొక్కారు. "కళ్లు నెత్తికెక్కాయేటి?" అని ఆమె అరిచింది. బస్సంతా తిరిగి చూసింది. తొక్కినవాడు చిన్నగా నవ్వి పక్కకు జరిగాడు. విశాఖలో జనం అలా అరవడం మానేసి చాలా ఏళ్లయింది.

అందుకు కారణం నెమ్మదిక. మందులకూ స్టెంట్లకూ లొంగని గుండెనొప్పి కోసం తయారైన పరికరం అది. గింజంత ఉంటుంది. గుండె సిరలో కూర్చుని, కోపానికో దుఃఖానికో గుండె అదిరేలోపే దాన్ని నెమ్మదింపజేస్తుంది. మొదట రోగులు పెట్టించుకున్నారు, తరవాత ఏ నొప్పీ లేనివారు కూడా. గుండెనొప్పితో బాధపడుతున్న పైడితల్లికి రేపు పెడతామన్నారు డాక్టర్లు. ఆమె ఇంకా తేల్చుకోలేదు. ఈ మధ్యే పెట్టించుకున్న తమ్ముణ్ణి అడుగుదామని కంచరపాలెం బయల్దేరింది.

తమ్ముడు సన్యాసిరావు ఆమెను గుమ్మం తొక్కనిచ్చే మనిషి కాదు. అతని భార్య ఈశ్వరమ్మ గుండె పట్టుకుని కూలబడిన రోజు, "గ్యాసురా, నాటకాలాడతంది" అని ఆస్పత్రికి తీసుకెళ్లనివ్వనిది పైడితల్లే. సాయంత్రానికి ఈశ్వరమ్మ పోయింది. ఆ తరవాత ఎప్పుడు వెళ్లినా అతను వీధిలో నిలబెట్టి తిట్టేవాడు. ఆమె తలవంచుకుని ఆ తిట్లు పడేది.

ఇవాళ తలుపు తీసి, "రా అప్పా, కూకో" అని అక్కను లోపలికి పిలిచాడు. టీ ఇచ్చాడు.

"నొప్పి పోయిందేట్రా?"

"పూర్తిగా పోనాది. మెట్లన్నీ ఎక్కీస్తన్నాను."

పైడితల్లి గోడ మీది ఈశ్వరమ్మ ఫొటో వైపు చూసింది. "నన్ను మన్నించీసావేట్రా?"

అతను నిదానంగా ఆలోచించాడు. "లేదప్పా. కోపమే రావట్లేదు. ఈశ్వరమ్మ పోయిందని తెలుసు. ఫొటో చూస్తే ఏటీ అవదు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "సిగ్గు లేదేట్రా? నానే చంపీసాన్రా దాన్ని! తిట్టు!" కప్పు నేలకేసి కొట్టింది.

సన్యాసిరావు ముఖం ఎర్రబడింది. పెదవులు వణికాయి. తిడతాడని ఆమె ఆశగా చూసింది. అంతలో అతని ఊపిరి సర్దుకుంది. చీపురు తెచ్చి పెంకులు ఊడుస్తూ, "ఇంకో కప్పు ఎట్టమంటావా?" అన్నాడు.

మెట్లు దిగుతుంటే పైడితల్లి ఛాతీ బిగుసుకుంది. గోడకు ఆనుకుని, నాలుక కింద మాత్ర పెట్టుకుంది. నొప్పి కాస్త సడలాక ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆపరేషన్ వద్దని చెప్పింది.

"కారణం చెప్తారా అమ్మా?" అవతలి గొంతు ఎంతో మెత్తగా ఉంది.

"మా మరదలు పోయిందని ఏడవడానికి మా ఇంట్లో నానొక్కర్తినే మిగిలాను" అంది పైడితల్లి.