తొంభై సెకన్ల సాక్ష్యం

జనవరి మొదటి మంగళవారం ఉదయం ఏడుంబావుకి, అమెరికాలో అరోరా అనే ఊళ్లోని ఒక నర్సింగ్ హోమ్ పార్కింగ్ లాట్‌లో వేరా అనే యాభై రెండేళ్ల నర్సు తన కార్‌లో చనిపోయి కనిపించింది. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. ఒళ్లో ఖాళీ మాత్రల సీసా. పోలీసులు ఇరవై నిమిషాల్లో ఆత్మహత్య అని రాసేసుకున్నారు.

త్రివేణి అక్కడికి చేరేసరికి తొమ్మిదైంది. పక్క సీట్లో లంచ్ బాక్స్ ఉంది. మూత తీసి చూసింది. రెండు ఉడికించిన గుడ్లు, చిన్న కాగితంలో మడిచిన ఉప్పు. కాళ్ల దగ్గర మంచు గీకే స్క్రేపర్ ఇంకా తడిగా ఉంది. చనిపోవాలనుకున్న మనిషి అద్దం మీద మంచు గీక్కుని, మధ్యాహ్నం తినడానికి ఉప్పు పొట్లం కట్టుకుని, టైమ్‌కి డ్యూటీకి వస్తుందా అని ఆఫీసర్‌ని అడిగింది. అతను భుజాలు ఎగరేసి, కార్ తీసుకెళ్లే ట్రక్ కోసం ఫోన్ చేసుకున్నాడు.

త్రివేణి గూఢచారి. ఆమె పనిచేసే విభాగానికి బయట పేరు లేదు. లోపల దాన్ని డెస్క్ లెవెన్ అంటారు. విదేశీ ఏజెంట్లు అమెరికాలో ఎవరినైనా వేటాడుతుంటే అడ్డుకోవడం ఆ డెస్క్ పని. వేరా భద్రత త్రివేణి బాధ్యత. రెండేళ్లుగా రోజూ ఫోన్ చేసేది. ముందురోజు రాత్రి కూడా చేసి, ఏం భయం లేదు, పడుకో అని చెప్పింది.

వేరా తన దేశంలో పంతొమ్మిదేళ్లు జైలు ఆస్పత్రిలో పనిచేసింది. అక్కడ ఖైదీలను ఏం చేశారో ఆమె, మరో ఆరుగురు నర్సులు కెమెరా ముందు చెప్పారు. ఆరుగురూ ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి సినిమాలో వాళ్ల ముఖాలు మార్చేశారు. ముఖం చూపించింది వేరా ఒక్కతే. ఆ డాక్యుమెంటరీ తీసిన మిలేనా కూడా ఆ దేశం నుంచి పారిపోయి వచ్చిన మనిషే, మిషిగన్‌లో ఉంటుంది. ఇప్పుడా సినిమా యూరప్ సినిమా వార్షిక పురస్కారాల్లో ఫైనల్స్‌కి చేరింది. మార్చిలో అంతర్జాతీయ కోర్టులో వేరా సాక్ష్యం చెప్పాల్సి ఉంది.

గురువారం డిట్రాయిట్ ఆఫీస్‌లో బాస్ డాల్టన్ బ్రీఫింగ్ ఇచ్చాడు. కంప్యూటర్ మీంచి కళ్లెత్తలేదు. శనివారం రాత్రి యూరప్‌లో అవార్డుల వేడుక, మనకి అప్పుడు మధ్యాహ్నం. మిలేనా ఆశ్రయం కోరుతూ పెట్టుకున్న అసైలమ్ కేసు పెండింగ్‌లో ఉండటం వల్ల దేశం దాటి వెళ్లలేదు. కాబట్టి ఆ సినిమా ఎడిటింగ్ జరిగిన, ఇక్కడికి దగ్గర్లో నోవై అనే ఊళ్లో ఉన్న స్టూడియోలోనే టీమ్ అంతా కూర్చుని లైవ్ చూస్తారు. ఆ దేశపు ఏజెంట్ల ముఠాలో మన మనిషి ఒకరున్నారు, కోడ్ నేమ్ వెల్వెట్. వెల్వెట్ ఆ రోజు స్టూడియోకి వస్తుంది. పని పూర్తయ్యాక వెనక డోర్ నుంచి క్షేమంగా బయటికి తీసుకురావాలి. ఇంకేదీ ముట్టుకోకూడదు.

పని అంటే ఏం పని అని త్రివేణి అడిగింది. అది నీకు అవసరం లేదన్నాడు. వేరా సంగతేంటని అడిగింది. చాలా విచారకరం అన్నాడు, అదే గొంతుతో పార్కింగ్ పాస్ గురించి చెప్పాడు.

శనివారం రెండున్నరకి త్రివేణి నోవైలో ఆ స్టూడియో ముందు కార్ ఆపింది. మోకాలి లోతు మంచు. నీలం రంగు ఫ్లీస్ జాకెట్, మెడలో, తెర మీద మాటల్ని అక్షరాల్లో వేసే క్యాప్షన్ కంపెనీ బ్యాడ్జ్, చేతిలో టూల్ బ్యాగ్. ఎడమ చెవిలో డాల్టన్ మాటలు వినిపించే బఠాణీ గింజంత రిసీవర్, నొక్కి పడితే తనూ మాట్లాడొచ్చు. స్టూడియో లోపల ఆమెకి ఒక్కరే తెలుసు. రాధారాణి, ఇరవై ఏళ్లు హైదరాబాద్ టీవీ ఛానళ్లలో ఎడిటర్‌గా చేసి ఇక్కడికొచ్చిన మనిషి. రెండు రోజుల క్రితం ఫోన్‌లో అన్నీ విని, ఎక్కువ ప్రశ్నలు వేయకుండా ఒప్పుకుంది.

కంట్రోల్ రూమ్ తలుపు దగ్గర త్రివేణి ముందుగా అనుకున్న మాట చెప్పింది.

“క్యాప్షన్లలో అరసున్న పడటం లేదండీ.”

“పాత ఫాంట్ అయ్యుంటుంది, లోపలికి రా అమ్మా,” అంది రాధారాణి. తలుపు మూయగానే గొంతు తగ్గించింది. “ఇక్కడేదో తేడాగా ఉంది. నా పాస్‌వర్డ్‌తో సర్వర్ తెరుచుకోవడం లేదు.”

వేడుకలో ప్రతి సినిమాకీ తొంభై సెకన్ల క్లిప్ చూపిస్తారు. మిలేనాకి ఎవరి మీదా నమ్మకం లేక, తన క్లిప్ ఫైల్ ముందే ఇవ్వనని, ఆ నిమిషానికి నోవై నుంచి లైవ్‌లో పంపుతానని షరతు పెట్టింది. ఆ సర్వర్ ఇప్పుడు ఎవరో లాక్ చేశారు. మూడు గంటల పది నిమిషాలకి ప్లే కావలసిన ఫైల్ సిద్ధంగా ఉంది, కానీ అది రాధారాణి పెట్టిన ఫైల్ కాదు. ప్రివ్యూ ఒక్కటి మాత్రం తెరుచుకుంటోంది. ఇద్దరూ చూశారు.

తెర మీద వేరా. సినిమాలో వేసుకున్న అదే బూడిద రంగు స్వెట్టర్, అదే బొంగురు గొంతు. తమకి డబ్బిచ్చి అబద్ధాలు చెప్పించారని, జైల్లో ఏమీ జరగలేదని, ఈ పాపం మోయలేక చనిపోతున్నానని, మిగతా ఆరుగురి పేర్లు ఇవీ అని మెల్లగా చెబుతోంది.

త్రివేణి ప్రివ్యూ ఆపేసింది. వేరాని చంపింది చాలక, ఆమె ముఖంతోనే ఆమెని అబద్ధాలకోరుని చేస్తున్నారు. ఆ పేర్లు గాలిలోకి వెళితే ఆరుగురినీ రాజద్రోహం కింద పట్టుకుపోతారు. కోర్టులో కేసు ఆ క్షణంలోనే చచ్చిపోతుంది. యూరప్ మొత్తం చూస్తుండగా.

వెంటనే డాల్టన్‌కి ఫోన్ చేసింది. అతను ఆశ్చర్యపోలేదు. ఆ క్లిప్ ప్లే కావాలి అన్నాడు. అది విజయవంతమైతే ముఠా వెల్వెట్‌ని పూర్తిగా నమ్ముతుందని, మూడేళ్ల ఆపరేషన్ దాని మీదే నిలబడి ఉందని చెప్పాడు. కూల్‌గా ఉండమని సలహా ఇచ్చి లైన్ కట్ చేశాడు. ఆ తర్వాత త్రివేణి ఫోన్ ఏ నంబర్‌కీ కలవలేదు.

టైమ్ రెండు యాభై రెండు.

లాబీలో ఇరవై మంది కూర్చుని పెద్ద తెర మీద వేడుక చూస్తున్నారు. ముందు వరసలో మిలేనా, చేతుల్లో వేరా ఫోటో. ఆమె పక్కన ఆకుపచ్చ పట్టు గౌనులో ఇరీనా. మిలేనా స్నేహితురాలు, యూరప్‌లో పేరున్న నటి, ఈ సినిమాకి వ్యాఖ్యానం చెప్పింది ఆమే. అద్దం చూసుకుంటూ లిప్‌స్టిక్ రాసుకుంటోంది. లిప్‌స్టిక్ అడుగున సన్నటి మెటల్ అంచు మెరిసింది. కంప్యూటర్‌లోకి ఫైళ్లు ఎక్కించడానికి అలా దాచే డ్రైవ్‌ని త్రివేణి ట్రైనింగ్‌లో చూసింది. తలుపు దగ్గర ఫెలిక్స్ అనే మనిషి నిలబడ్డాడు. పబ్లిసిటీ మేనేజర్ అని చెప్పుకుంటున్నాడు కానీ తెర వైపు ఒక్కసారీ చూడలేదు, ఇరీనానే చూస్తున్నాడు. కోటు ఎడమ వైపు ఏదో బరువుకి కిందికి వేలాడుతోంది.

ఇరీనా వాష్‌రూమ్‌కి వెళ్లింది. త్రివేణి వెనకే వెళ్లి తలుపు గడియ పెట్టింది.

“వెల్వెట్ నువ్వేనా?”

ఇరీనా అద్దంలోంచే చూసింది. అవునంది.

“ఆ క్లిప్‌లో ఉన్నది కూడా నువ్వే.”

దానికీ అవునంది. వేరా స్వెట్టర్ తొడుక్కుని తను నటిస్తే, కంప్యూటర్ దాని మీద వేరా ముఖం పెట్టింది. గొంతు తనే నేర్చుకుంది, స్నేహం పేరుతో మూడు నెలలు వేరా పంపిన వాయిస్ మెసేజ్‌లు విని. త్రివేణి ఆమె భుజం పట్టి గోడకి నెట్టింది. పిడికిలి బిగిసింది. ఇరీనా తప్పించుకోలేదు.

“కొట్టు. కానీ ఇది విను. మంగళవారం చంపుతారని నేను శుక్రవారమే మీ వాళ్లకి చెప్పాను. టైమ్, పార్కింగ్ లాట్, అన్నీ. నాలుగు రోజులు. ఆమెని అక్కడినుంచి తీసేయమని బతిమాలాను. తీసేస్తే నా మీద అనుమానం వస్తుందని మీ డాల్టన్ ఆపేశాడు.”

ఆమె తన ఫోన్ తీసి ఆ మెసేజ్ చూపించింది. కింద డాల్టన్ జవాబు, రెండే మాటలు. అందింది. వేచి ఉండు.

త్రివేణి పిడికిలి విప్పింది. శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమవారం. నాలుగు రాత్రులూ తను ఫోన్ చేసి వేరాకి ధైర్యం చెప్పింది. ఆ నాలుగు రోజులూ డాల్టన్‌కి తెలుసు. ఆ మెసేజ్‌నీ జవాబునీ తన ఫోన్‌తో ఫోటో తీసుకుంది. ఆ తర్వాత ఇరీనాని ఒక్కటే అడిగింది. ఫెలిక్స్‌ని కదిలించే మాట ఏదైనా ఉందా? ఉందంది ఇరీనా. ముఠాలో ఎమర్జెన్సీకి వాడే మాట.

రెండు నిమిషాల తర్వాత క్యాప్షన్ టెక్నీషియన్ ఒకామె ఫెలిక్స్ దగ్గరికి వచ్చి, సౌండ్ బూత్‌లో ల్యాండ్‌లైన్‌కి అతని కోసం కాల్ వచ్చిందని, పియానో శ్రుతి తప్పిందని చెప్పమన్నారని అంది. అతను పాలిపోయాడు. గబగబా బూత్‌లోకి వెళ్లి ఫోన్ ఎత్తాడు. వెనక రెండంగుళాల మందం తలుపు మూసుకుంది. త్రివేణి బయటి గడియ పిడి కిందికి తిప్పింది. గాజు అవతల అతను నోరంతా తెరిచి అరుస్తున్నాడు, పిస్టల్ పిడితో తలుపు బాదుతున్నాడు. బయటికి దోమ చప్పుడంత కూడా రాలేదు.

టైమ్ మూడు ఆరు. కంట్రోల్ రూమ్‌లో రాధారాణి ముఖం వాడిపోయి ఉంది. కేబుల్ పీకేద్దామని త్రివేణి అంటే వద్దంది. లైన్ కట్ అయితే అక్కడివాళ్లు బ్యాకప్ వేస్తారు. సర్వర్ లాక్ చేసినవాళ్లు మిలేనాకి తెలియకుండా ఈ దొంగ క్లిప్‌నే బ్యాకప్‌గా రెండున్నరకే పంపేశారు. మన లైన్‌లో ఏదో ఒక బొమ్మ పోతూ ఉంటేనే అది ప్లే కాకుండా ఉంటుంది.

“ఏదో ఒక బొమ్మ అంటే?” అంది త్రివేణి.

“ఏదైనా. మిలేనా గెలిస్తే థాంక్స్ చెప్పడానికి లాబీలో కెమెరా పెట్టాం కదా. అది సర్వర్‌తో సంబంధం లేకుండా, లైన్‌లో ఏ బొమ్మ పోవాలో మార్చే నా చేతి స్విచ్చర్‌కి వస్తుంది. కానీ అక్కడ మాట్లాడేవాళ్లుండాలి. తొంభై సెకన్లు ఊరికే గోడ చూపిస్తే వాళ్లే మార్చేస్తారు.”

తలుపు దగ్గర ఇరీనా నిలబడి ఉంది. త్రివేణి ఇంగ్లీష్‌లో విషయం చెప్పింది. తన సంగతి ఒకసారి బయటపడితే ఇక ఏ ముఠాలోనూ చోటుండదని, ఏ దేశంలోనూ నిద్ర ఉండదని ఇరీనాకి తెలుసు. ముంజేతితో లిప్‌స్టిక్ తుడుచుకుని లాబీ వైపు నడిచింది.

తెర మీద వ్యాఖ్యాత మిలేనా సినిమా పేరు చదివాడు. సర్వర్ మీద కౌంట్‌డౌన్ ఐదుకి వచ్చింది. కెమెరా సిగ్నల్ స్విచ్చర్‌లో నల్లగా ఉంది. నాలుగు. కేబుల్ వదులైంది ఆంటీ అంది త్రివేణి. మూడు. రాధారాణి టేబుల్ కింద దూరి కేబుల్ బిగించింది. రెండు. చిన్న మానిటర్‌లో ఆకుపచ్చ గౌను మెరిసింది. ఒకటి అనే లోపు టేబుల్ కింద నుంచే చేయి పైకి చాచి రాధారాణి బటన్ నొక్కింది.

యూరప్‌లో నాలుగు వేల మంది ఉన్న హాల్లో, పెద్ద తెర మీద ఇరీనా కనిపించింది. ముందు వేరా గొంతుతో మాట్లాడింది. నా పేరు వేరా, ఇదంతా అబద్ధం అంది. మిలేనా చేతిలో ఫోటో జారి కిందపడింది. తర్వాత ఇరీనా తన సొంత గొంతుకి వచ్చింది.

“ఇప్పుడు మీరు విన్నది నా నటన. ఈ నిమిషంలో మీకు ఇదే వేరా ముఖంతో చూపించాలనుకున్నారు. వేరా అబద్ధం చెప్పలేదు. ఆమెని చంపారు. ఎవరు చంపారో ఇప్పుడే చెబుతాను, ఎవరు చంపనిచ్చారో కోర్టులో చెబుతాను.”

మిగిలిన సెకన్లు వేరాని చంపినవాళ్ల పేర్లు చెప్పడానికి వాడుకుంది. నర్సుల పేర్లు ఒక్కటీ చెప్పలేదు. హాల్లో ఒకరు లేచి నిలబడ్డారు, తర్వాత ఒక వరస, తర్వాత అందరూ.

చెవిలోని రిసీవర్‌లో డాల్టన్ గొంతు పేలింది. మూడేళ్ల పని బూడిద చేశావన్నాడు, ఎవరి పర్మిషన్‌తో అన్నాడు, కెరీర్ అయిపోయిందన్నాడు. త్రివేణి అంతా విన్నది.

“శుక్రవారమే నీకు తెలుసు. సోమవారం రాత్రి నేను ఆమెకి భయం లేదు, పడుకో అని చెప్పాను. నువ్వు నాతో ఆ మాట చెప్పించావు. ఆ మెసేజ్, నీ జవాబు ఇప్పుడే స్టూడియో కంప్యూటర్ నుంచి ఇంటర్నల్ ఎంక్వయిరీకి వెళ్లాయి. నువ్వు కూడా వేచి ఉండు.”

రిసీవర్ తీసి చల్లారిన కాఫీ కప్పులో పడేసింది. ఇరీనాని వెనక డోర్ నుంచి డాల్టన్ పంపిన కార్‌లో ఎక్కించలేదు. ముందు డోర్ నుంచి, అందరూ చూస్తుండగా, తను స్టూడియో ఫోన్ నుంచి పిలిపించిన స్టేట్ పోలీసుల మధ్య నడిపించింది. ఫెలిక్స్‌ని బూత్‌లోంచి తీసేసరికి గొంతు పోయి ఉంది.

తిరిగి లోపలికి వచ్చేసరికి లాబీ తెర మీద, విజేత పేరున్న కవర్ తెరుస్తున్నారు. మిలేనా కళ్లు మూసుకుంది. అవార్డు స్విట్జర్లాండ్‌లో తేనెటీగలు పెంచే ఇద్దరు అన్నదమ్ముల మీద తీసిన సినిమాకి వచ్చింది. ఓట్లన్నీ డిసెంబర్‌లోనే పడిపోయాయట.

కంట్రోల్ రూమ్‌లో రాధారాణి మోకాళ్ల మీది దుమ్ము దులుపుకుంటూ లేచింది.

“ఆ తేనెటీగల సినిమా నేను చూశానమ్మా,” అంది. “బాగానే ఉంటుంది.”