స్తామెన్ తాత గంటలు

పెర్నిక్ ఊరి అవతల, వాగొడ్డున మూతపడ్డ ఉన్ని మిల్లు ఒకటుంది. చీకటిపడితే అటు పోవడానికి పీకల్దాకా తాగినవాడు కూడా జంకుతాడు. లోపల ఎవరో గంటలు కట్టుకుని గంతులేస్తారట...

అక్కడ ఆ గంటలు వేలాడదీసింది శిల్పి ఇస్క్రా. మనుషులు వాటి మధ్య నడవాలి, ఒళ్లు తగిలి అవి మోగాలి — అదే ఆమె శిల్పం. గంటలు మాత్రం స్తామెన్ తాతవి. యాభై ఏళ్లుగా ప్రతి జనవరి పండక్కీ మేకతోలు కప్పుకుని, ఆ ఇరవై గంటలూ నడుముకి కట్టుకుని, ఊళ్లోంచి పీడని తరుముతూ ఆడినవాడు.

"పండక్కి ముందే ఇచ్చేస్తా తాతా," అని అడిగి తెచ్చుకుంది ఇస్క్రా. ఈలోగా మిల్లులో ఆ శిల్పం ప్రదర్శన పండగ రోజు దాకా పొడిగించారు. తాత కబురు మీద కబురు పెట్టాడు.

"వచ్చే ఏడు ఆడుదువుగానిలే," అని నవ్వేసింది.

పండగనాడు తాత వాకిట్లో కూర్చుని ఊరందరి గంటలూ విన్నాడు. వారం తిరక్కుండానే పోయాడు.

ఇస్క్రా చావుకి వెళ్లలేదు. ముఖం చెల్లలేదు. తన నవ్వు తనకే ముల్లై గుచ్చుకుంది.

నలభయ్యో రోజు రాత్రి — పగలు వెళ్లే ధైర్యం లేక — గంటలు దించి ఆ ఇంటి గడప మీద పెట్టేసి రావాలని మిల్లుకి బయల్దేరింది. తలుపు మీద చెయ్యి వేసిందో లేదో...

గణ్... గణ్... గణ్...

కాస్త ఆగి, బరువుగా ఒక అడుగు.

మూడు గంతులు, ఒక కుంటి అడుగు. ఎడమ మోకాలు పట్టేసిన తాత ఆట అది.

"తప్పు నాదే తాతా..." గొణిగింది.

మోత ఆగిపోయింది. వెనకనుంచి భుజమ్మీద చెయ్యి పడింది.

"నేనేలే." తాత భార్య, నేదా అవ్వ. "గంటలడుగుదామని మీ ఇంటికెళ్లా. ఇక్కడికొచ్చావన్నారు."

"లోపల... తాత అడుగు విన్నాను అవ్వా."

అవ్వ తలుపు నెట్టింది. ఇస్క్రా టార్చి వేసింది. లోపల ఎవరూ లేరు. అవ్వ ఒక గంటలోకి వేళ్లు పెట్టి ఉన్ని ముద్ద బయటికి లాగింది.

"ఆయన పోయిన రోజే వచ్చి అన్నిట్లోనూ కుక్కాను. చావింటి గంట నలభై రోజులూ మోగకూడదు కదా."

ఇస్క్రా మిగతావి తడిమింది. పంతొమ్మిదీ బిగుతుగా కుక్కే ఉన్నాయి. ఒకదాన్ని గట్టిగా ఊపింది. చప్పుడు రాలేదు.

అవ్వ ఆ ఉన్ని ముద్దతోనే కళ్లు తుడుచుకుంది.

"బాగా ఆడాడా తల్లీ?" రహస్యంగా అడిగింది. "మోకాలు మరీ నొప్పెట్టలేదు కదా?"