లోపాలన్నీ చెప్పిన అమ్మాయి

"ఈ ఇల్లు కొనకండి."

నేనింకా గుమ్మంలో చెప్పులు కూడా విడవలేదు. తలుపు తీసిన అమ్మాయి అన్న మొదటి మాట అది. బయట జోరుగా వాన. నా గొడుగు నీళ్లు నాకంటే ముందే లోపలికి వెళ్లిపోతున్నాయి.

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. కూడబెట్టిన డబ్బుతో చిన్న ఫ్లాట్ కొని అద్దెకిద్దామని తిరుగుతున్నాను. అమ్మకానికొచ్చిన ఈ పాత రెండు గదుల్లో ఆ అమ్మాయి, వాళ్ల అమ్మమ్మ అద్దెకుంటున్నారు.

"ఎందుకు కొనకూడదో చూపిస్తారా?" అన్నాను నవ్వాపుకుంటూ.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు బయల్దేరింది. "ఇదిగో, గోడ చెమ్మ. బాత్‌రూమ్ పైపు లోపల లీకవుతోంది. వానొస్తే కిటికీ తలుపు ఉబ్బిపోయి మూసుకోదు. వైరింగా, మా అమ్మమ్మ వయసుది!"

"మధ్యలో నా వయసెందుకే?" పక్కగదిలోంచి అమ్మమ్మ కేక.

"మరి మీరెందుకుంటున్నారండీ?" అడిగాను.

"నేను పక్కవీధి హాస్పిటల్లో ఫిజియోథెరపిస్ట్‌ని. నడిచి వెళ్లిపోతా. బస్‌స్టాప్ ఎదురుగానే. తుంటి ఆపరేషనయ్యాక అమ్మమ్మ మెట్లెక్కలేదు, ఇది గ్రౌండ్ ఫ్లోర్. అసలీ చుట్టుపక్కల అద్దెకి ఇల్లు దొరకడమే గగనం..."

అనేసి నాలిక కరుచుకుంది. చెడగొడదామనుకుని, ఇల్లు కొనడానికి కావాల్సిన కారణాలన్నీ తనే చెప్పేసింది మరి!

అప్పటిదాకా నా మనసు ఇంకోచోట చూసిన పదో అంతస్తు ఫ్లాట్ మీదుంది. బాల్కనీ చూస్తే కళ్లు చెదురుతాయి. లోన్ వాయిదా చూస్తే గుండె చెదురుతుంది. పైగా ఆ బిల్డింగులో సగం ఇళ్లు ఖాళీ. ఆ రోజుతో అది వదిలేశాను. ప్లంబర్‌నీ ఎలక్ట్రీషియన్‌నీ తీసుకొచ్చి పాత ఇల్లు చూపించాను. రిపేర్లకి ఎంతవుతుందో వాళ్లు చెప్పింది ముందుపెట్టి బేరమాడితే ఓనరు దిగొచ్చాడు. వచ్చే అద్దెతో వాయిదా తీరి, ఇంకా కొంత మిగిలేంత లోన్ మాత్రమే తీసుకుని కొనేశాను.

సంగతి చెబితే ఆ అమ్మాయి భగ్గుమంది. "మిమ్మల్ని పారిపోయేలా చేద్దామనుకుంటే, నా మాటలతోనే బేరమాడారా?"

"అంతా మీ దయ."

"నవ్వకండి." గొంతు ఒక్కసారిగా తగ్గింది. "కొత్త ఓనరు రాగానే ఖాళీ చేయమంటారని భయపడ్డాను. అమ్మమ్మని ఈ స్థితిలో ఎక్కడికి తీసుకెళ్లను?"

"ఎక్కడికీ వద్దు. రిపేర్లు నేను చేయిస్తాను. మీరు మాత్రం ఉండండి చాలు."

ఆ అమ్మాయి అలా చూస్తూ నిలబడింది. ఆ చూపు నాతోపాటు ఇంటిదాకా వచ్చింది.

మా బావకి నా తెలివి నచ్చలేదు. "వాళ్లని పంపేసి, రంగులేసి, అద్దె పెంచి ఇంకొకళ్లకివ్వరా!"

"ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉన్నా పెంచిన అద్దె దానికే సరి బావా. ఇల్లు సొంతంలా చూసుకునేవాళ్లు మళ్లీ దొరుకుతారా?"

"లెక్క బాగానే ఉంది. మరి మొహమెందుకు ఎర్రబడింది?"

ప్లంబర్‌కి ఫోన్ చేయాలంటూ బయటికొచ్చేశాను.

రిపేర్ల వంకతో ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నాను. వెళ్లిన ప్రతిసారీ అమ్మమ్మ కళ్లజోడు సరిచేసేవాణ్ణి, వంకర లేకపోయినా సరే. టీ ఇస్తూ ఆ అమ్మాయి నాకు పాఠాలు చెప్పేది.

"వాయిదా పోగా మిగిలిన అద్దె మొత్తం ఖర్చుపెట్టేయకండి ఓనరుగారూ. కొంత పక్కన పెట్టండి. గీజర్ మీకు చెప్పి పాడవదు."

"మనసు కూడా అంతేనండీ," అనబోయి టీతో పాటు మింగేశాను.

ఎలా అనను? ఇంటి తాళం నా చేతిలో ఉంది. కాదంటే ఎక్కడ ఖాళీ చేయమంటానోనని ఆమె భయపడితే? భయపడి ఔనంటే? అది ఇంకా ఘోరం.

ఆలోచించి ఆలోచించి, ఒక ఆదివారం కొత్త అగ్రిమెంట్ తీసుకెళ్లాను. చదువుతుంటే ఆమె కనుబొమ్మలు పైకి లేచాయి.

"మూడేళ్లు అద్దె పెంచరా? ఖాళీ చేయమనే హక్కు కూడా మీకు లేదా? ఇదేం వ్యాపారమండీ! మీకేం మిగులుతుంది?"

"ధైర్యం," అన్నాను. "మిమ్మల్ని ఒక మాట అడగాలి. కాదన్నా ఈ ఇల్లు మీదే. అందుకే ముందు ఇది."

ఆమె కళ్లు నిండాయి. పెదవి విప్పబోయింది.

"ఆగవే!" పక్కగది గుమ్మంలోంచి అమ్మమ్మ అరిచింది. "ముందు సంతకం పెట్టు. ఇప్పుడే ఔనంటే ఇంటికోసం అన్నావనుకుంటాడు!"

ఆమె పకపకా నవ్వేసింది. కళ్లు తుడుచుకుని సంతకం చేసింది. పెన్ను మూత పెట్టి నావైపు తిరిగింది. "ఇప్పుడడగండి."

"నన్ను పెళ్లి..."

"చేసుకుంటాను."

"పూర్తిగా అడగనివ్వండి!"

"ఇన్నాళ్లుగా అడుగుతారేమోనని చూస్తున్నా. ఇంక ఆగలేను. మా భయం పోగొట్టాకే మీ మాట అడిగారు చూడండి... అంతకంటే ఏం కావాలి నాకు?"

"నేనే మీకు రుణపడ్డానండీ. మీరు లేకపోతే ఆ పదో అంతస్తు అప్పులో ఒక్కణ్ణే మునిగిపోయేవాణ్ణి."

అమ్మమ్మ గోడ పట్టుకుని మెల్లగా నడిచొచ్చింది. ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి, అగ్రిమెంట్ వైపు గడ్డంతో చూపించింది.

"మూడేళ్లేమిటయ్యా పిసినారిలా? నూరేళ్లకి రాయి!"